ఎనభైలు ఎప్పుడు మొదలయ్యాయి?

2006లో ఇబ్రహీంపట్నంలో మేం నలుగురం అద్దెకున్న ఇంటి డాబా మీద రెండు యాంటెన్నాలు ఉండేవి. ఒకటి డీడీ డైరెక్ట్ డిష్షు. దాన్ని గుర్తుపట్టడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. రెండోది పరీక్ష అట్టలో సగం ఉండే ఒక నల్లటి పలక. పిట్టగోడ మీద రెండు ఇటుకల మధ్య, ఆకాశంలోకి తలెత్తి కూచునేది. దాన్నుంచి ఒక సన్నటి వైరు కింద ఓనరు గారి వరండాలోకి వెళ్లేది.

ఓనరు గారు రిటైరైన హెడ్‌మాస్టరు. వీధంతా ఆయన్ని "సారు" అనేది, మేమూ అంతే. బట్టలారేసేటప్పుడు మాలో ఎవడో ఆ పలకని పొరపాటున జరిపాడు. రెండు నిమిషాల్లో సారు మెట్లెక్కి వచ్చారు. కోపం లేదు గానీ, క్లాసులో చెప్పినట్టు చెప్పారు.

"గిది సాగర్ దిక్కు చూడాలె బిడ్డా. ఇటు మళ్లిందనుకో, పాట బందైతది."

నాకు నవ్వొచ్చింది. నాగార్జునసాగర్‌కీ పాటకీ ఏం సంబంధం? ఆ రాత్రి నెట్ సెంటర్లో వెతికితే తెలిసింది, సారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ పలక వెతుకుతున్నది ఏషియాస్టార్ అనే ఉపగ్రహాన్ని. అది భూమధ్యరేఖకి పైన, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. మన ఊరి నుంచి చూస్తే ఆగ్నేయంలో, నేల నుంచి యాభై డిగ్రీల పైచిలుకు ఎత్తులో అన్నమాట. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు పోయేదీ దాదాపు ఆ దిక్కుకే. డిగ్రీలతో నాకు పట్టిన లెక్క, రోడ్డుతో ఆయనకి పట్టింది. ఈ వ్యాసం చివరికి వచ్చేది కూడా ఇలాంటి లెక్క దగ్గరికే. కాకపోతే అది కాలానికి సంబంధించిన లెక్క.

*

సారు వరండాలో పెట్టింది వరల్డ్‌స్పేస్ రేడియో. ఇప్పుడు పాతికేళ్లున్నవాళ్లకి ఈ పేరు తెలిసి ఉండదు కాబట్టి కాస్త చెప్పాలి.

నోవా సమారా అనే ఆయన అడిస్ అబాబాలో పుట్టి, అమెరికాలో న్యాయశాస్త్రం చదివి, ఉపగ్రహాల రంగంలోకి వచ్చాడు. ఆఫ్రికాలో ఎయిడ్స్ గురించిన సమాచారం జనానికి చేరడం లేదన్నది ఆయన బాధ. టవర్లు లేవు, కేబుళ్లు లేవు, కరెంటు లేదు. ఆకాశం నుంచి నేరుగా చిన్న రేడియో సెట్లోకి గొంతు దించగలిగితే చాలు కదా అనుకున్నాడు. 1990లో వరల్డ్‌స్పేస్ పెట్టాడు. 1998 అక్టోబరులో ఆఫ్రికా కోసం ఆఫ్రిస్టార్, 2000 మార్చిలో ఆసియా కోసం ఏషియాస్టార్ ఆకాశంలోకి వెళ్లాయి. దక్షిణ అమెరికా కోసం అనుకున్న మూడోది నేల దాటనే లేదు.

పాటని ఉపగ్రహం దాకా పంపించి దించడానికి వాళ్లు వాడిన కుదింపు పద్ధతి ఎంపీత్రీ కుటుంబానిదే. మేం పైగదిలో పెన్‌డ్రైవుల్లో ఎంపీత్రీలు పంచుకుంటూ, మేమే కొత్త కాలం మనుషులం అనుకునేవాళ్లం. కింద డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి వరండాలో అదే సాంకేతికత ఆకాశం నుంచి దిగుతోందని మాకు తట్టలేదు.

సమాచారం కోసం మొదలైన ఈ సంస్థకి డబ్బు మాత్రం పాటల చందాల నుంచి రావాల్సి వచ్చింది. చందాలిచ్చేవాళ్లు ఎక్కువమంది దొరికింది భారతదేశంలో. బెంగళూరు కేంద్రంగా పనిచేసేది. 2006లో ఎ.ఆర్. రెహమాన్‌ని ప్రచారకర్తగా పెట్టుకున్నారు. హిందుస్తానీ సంగీతానికి గాంధర్వ్, కర్ణాటక సంగీతానికి శ్రుతి, పాత హిందీ పాటలకి ఫరిష్తా, కొత్త హిందీకి ఝంకార్ ఉండేవి. ఇంగ్లీషులో అయితే జాజ్‌కి ఒకటి, పాశ్చాత్య శాస్త్రీయానికి ఒకటి, డెబ్బైల ఎనభైల పాప్‌కి రెట్రో రేడియో అని ఒకటి, ఇలా చాలా ఉండేవి. తెలుగుకి ఒక్కటే, స్పందన. పుట్టపర్తి వాళ్ల రేడియో సాయి కూడా ఇందులోనే వచ్చేది గానీ అది వేరే దారి.

ఈ పంపకాన్ని ఒకసారి గమనించండి. ఇంగ్లీషు పాటకి దశాబ్దాల గదులున్నాయి. హిందీకి పాత, కొత్త అని రెండు గదులు. తెలుగంతా ఒకే వసారాలో. ఘంటసాల తర్వాత రమణ గోగుల, ఆ వెంటనే ఎస్. జానకి. అప్పట్లో నాకిది అన్యాయం అనిపించేది. మన పాటని ఎవరూ సరిగ్గా సర్దలేదు, సర్దేంత గౌరవం ఇవ్వలేదు అనుకునేవాణ్ణి. ఇప్పుడా అభిప్రాయం లేదు. ఎందుకు పోయిందో చెప్పడానికి ముందు, దశాబ్దాల గదులు బాగా కట్టినవాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లి రావాలి.

*

2016లో ఒక ప్రాజెక్టు పని మీద న్యూజెర్సీలో ఎనిమిది నెలలున్నాను. అద్దెకి తీసుకున్న కారులో సిరియస్ ఎక్స్ఎమ్ రేడియో ఉండేది. ఎనిమిదో నంబరు నొక్కితే ఎనభైల పాప్ హిట్లు, ఇరవై నాలుగు గంటలూ. చానెల్ పేరే 'ఎయిటీస్ ఆన్ ఎయిట్'. ఏడు నొక్కితే డెబ్బైలు, తొమ్మిది నొక్కితే తొంభైలు. ప్రోగ్రామర్‌గా నాకు భలే ముచ్చటేసింది. అంకె నొక్కితే దశాబ్దం వస్తుంది. ఇంతకన్నా శుభ్రమైన డిజైన్ ఉంటుందా?

ఈ రేడియోకీ సారు రేడియోకీ చుట్టరికం ఉంది. 1997లో అమెరికా ప్రభుత్వం ఉపగ్రహ రేడియో లైసెన్సులు వేలం వేస్తే రెండు సంస్థలు గెలిచాయి. ఒకటి తర్వాత సిరియస్ అయింది, రెండోది ఎక్స్ఎమ్. ఎక్స్ఎమ్‌లో మొదట్లో వరల్డ్‌స్పేస్‌కి వాటా ఉండేది, 1999లో వదులుకుంది. ఎక్స్ఎమ్ 2001లో ప్రసారాలు మొదలుపెట్టింది. దాని రెండు ఉపగ్రహాల పేర్లు రాక్, రోల్. నలభైల నుంచి తొంభైల దాకా దశాబ్దానికొక చానెల్ పెట్టి, నాలుగు నుంచి తొమ్మిది దాకా నంబర్లిచ్చింది. 2008 జులైలో సిరియస్, ఎక్స్ఎమ్ ఒకటయ్యాయి. అప్పటికి రెండింటికీ కలిపి కోటీ ఎనభై లక్షల పైన చందాదారులు. అయినా 2009 మొదట్లో దివాలా అంచుదాకా వెళ్లి, లిబర్టీ మీడియా ఇచ్చిన 53 కోట్ల డాలర్ల అప్పుతో బతికింది.

ఎనిమిదో చానెల్లో మాట్లాడేవాళ్లు కూడా ఎనభైల మనుషులే. 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైనప్పుడు తెర మీద కనిపించిన ఐదుగురిలో జె.జె. జాక్సన్ 2004లో చనిపోయాడు. మిగతావాళ్లు నీనా బ్లాక్‌వుడ్, మార్క్ గుడ్‌మన్, ఆలన్ హంటర్, మార్తా క్విన్. ఈ నలుగురినీ రేడియోలోకి తెచ్చి కూచోబెట్టారు. వారానికోసారి 'బిగ్ ఫార్టీ' అని ఒక కార్యక్రమం వచ్చేది. ఎనభైల్లోని ఏదో ఒక ఏడాది తీసుకుని, సరిగ్గా ఈ వారం ఆ ఏడాదిలో అమెరికాలో మొదటి నలభై పాటలేవో, నలభై నుంచి ఒకటి దాకా వేస్తారు. పక్కన ఏడో చానెల్లో అయితే 1970లో మొదలైన కేసీ కేసమ్ 'అమెరికన్ టాప్ ఫార్టీ' పాత ఎపిసోడ్లనే మళ్లీ వేస్తారు. పాటలే కాదు, పాటకీ పాటకీ మధ్య ఆయన మాట్లాడిన మాటలు కూడా దాచుకున్నారన్నమాట.

ఒకరోజు పొద్దున ఆఫీసుకి వెళుతుంటే మైఖేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వచ్చింది. నా పక్కన కూచున్న అమెరికన్ సహోద్యోగి, నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, తను ఆ వీడియోని మొదటిసారి ఎవరింట్లో, ఎవరి పక్కన కూచుని చూశాడో చెప్పాడు. 1983 డిసెంబరు. తనకి నెల కూడా గుర్తుంది. "మరి నువ్వు?" అన్నాడు.

నాకు గుర్తొచ్చింది చిరంజీవి. 'దొంగ' సినిమాలో సమాధుల మధ్య థ్రిల్లర్‌ని అనుకరించే డాన్సు. ఆ సినిమా 1985లో వచ్చింది. నేను పుట్టింది 1988లో. నేను ఆ పాట చూసింది ఏ 1997లోనో, మా మామయ్య వాళ్లింట్లో కేబుల్ టీవీలో. మైఖేల్ జాక్సన్ అసలు పాట చూసింది ఇబ్రహీంపట్నంలో, 2007లో, రూమ్మేట్ కంప్యూటర్లో. కాబట్టి నా వరకు అనుకరణ ముందొచ్చింది, అసలు పదేళ్ల తర్వాత వచ్చింది. రెండూ ఎనభైల పాటలే. రెండూ నాకు ఎనభైల్లో రాలేదు.

ఇదంతా ఆయనకి ఇంగ్లీషులో చెప్పబోయి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎనభైలు నాకెప్పుడు మొదలయ్యాయి?

*

దశాబ్దం చానెల్ పనిచెయ్యాలంటే ఒక షరతు ఉంది. పాట విడుదలైన రోజూ, జనం విన్న రోజూ ఇంచుమించు ఒకటై ఉండాలి. అమెరికాలో అది చాలావరకు జరిగింది. 1958 ఆగస్టు నుంచి బిల్‌బోర్డ్ పత్రిక 'హాట్ హండ్రెడ్' పేరుతో వారం వారం లెక్క తీస్తోంది. ఎన్ని రికార్డులు అమ్మారు, రేడియోలు ఎంతగా వేశాయి అన్నది ఆ లెక్క. ఊరూరా ఉన్న ప్రైవేటు రేడియోలు ఆ నలభై పాటలే తిప్పి తిప్పి వేసేవి. పదహారేళ్ల పిల్ల న్యూజెర్సీలో ఏ వారం ఏ పాట వింటోందో, కాన్సాస్‌లో పదహారేళ్ల పిల్ల కూడా అదే వింటోంది. మూడు నెలల తర్వాత ఆ పాట వెళ్లిపోతుంది. మళ్లీ అది వినపడితే ఆ మూడు నెలలూ తిరిగొస్తాయి. దశాబ్దం చానెల్ అమ్ముతున్న సరుకు ఇదే.

ఇప్పుడు మన వైపు చూడండి.

1952లో కేంద్ర సమాచార మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటని దాదాపు గుమ్మం బయటే నిలబెట్టింది. శాస్త్రీయ సంగీతంతో జనం అభిరుచి బాగుపడుతుందని ఆయన నమ్మకం. జనం సిలోన్ వైపు తిరిగారు. ఆ ఏడాది చివర్లోనే రేడియో సిలోన్లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. తెలుగు పాటలకీ సిలోన్లో చోటుండేది. మీనాక్షీ పొన్నుదురై గొంతుని గుర్తు చేసుకునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆకాశవాణి తప్పు దిద్దుకుని వివిధ భారతి పెట్టింది 1957 అక్టోబరు 3న.

అయినా రేడియో అందరిళ్లలో లేదు. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. చాలా ఊళ్లకి పాట మోసుకొచ్చింది సినిమా. ఆ సినిమా మాత్రం ఎప్పుడొచ్చింది? ప్రింట్లు కొన్నే తీసేవారు. ముందు హైదరాబాదు, విజయవాడ లాంటి పెద్ద ఊళ్లు, తర్వాత తాలూకా కేంద్రాలు, ఆ తర్వాత గీతలు పడి, అతుకులు పడి టూరింగ్ టాకీసు డేరాలోకి. పట్నంలో వంద రోజులాడిన సినిమా మన పక్క ఊరికి రెండేళ్లకి రావచ్చు. రావడం ఆలస్యం, పోవడమూ ఆలస్యమే. 'మాయాబజార్' విడుదలైంది 1957 మార్చిలో. అరవైల్లో ఆడింది, డెబ్బైల్లో ఆడింది, ఎనభైల్లో పండక్కి మళ్లీ ఆడింది. 2010 జనవరిలో రంగులద్దుకుని మళ్లీ వచ్చింది. ఈ పాటల్ని ఏ అంకె కింద పెడతారు?

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయన పాడిన భగవద్గీత ఆయన తర్వాతే ఊళ్లమీదికి వచ్చింది. గుడి మైకులో పొద్దున్నే అది మోగని ఊరు తెలుగునాట లేదేమో. చావు ఇంటి ముందు కూడా అదే. నా తరంవాడికి ఎనభైలన్నా, తొంభైలన్నా చెవిలో మోగే మొదటి గొంతు ఆ రెండు దశాబ్దాలూ చూడని మనిషిది.

ఎనభైల్లో క్యాసెట్ వచ్చింది. క్యాసెట్ కొత్త పాటని త్వరగా తెచ్చిన మాట నిజమే. 1986లో 'సింహాసనం'తో బప్పీ లహరి తెలుగులోకి దిగాడు. సింథసైజర్ చప్పుడు ఆటో స్టాండుల దాకా వచ్చింది. 1989లో ఇళయరాజా 'గీతాంజలి', 'శివ' రెండూ ఇచ్చాడు. కానీ అదే క్యాసెట్ ఇంకో పని కూడా చేసింది. రికార్డు ప్లేయరు ఎన్నడూ కొనలేని ఇంటికి యాభైల, అరవైల పాటల్ని మొదటిసారి తీసుకొచ్చింది. దాని అట్ట మీద దశాబ్దం పేరు ఉండేది కాదు. 'ఘంటసాల విషాద గీతాలు', 'ఎన్టీఆర్ హిట్స్', 'సుశీల భక్తి గీతాలు' అని ఉండేది. 2017లో పాత పాటలు నింపి రేడియో ఆకారంలో వచ్చిన కారవాన్ పెట్టెని చూసినా, మీట తిప్పితే వచ్చేది మనుషుల పేర్లే. సరిగమ వాళ్లకి వ్యాపారం తెలుసు. ఇక్కడి శ్రోత ఏళ్లని బట్టి వెతకడు, గొంతుని బట్టి వెతుకుతాడు.

అందుకే ఎనభైల తెలుగు చానెల్ అని ఒకటి పెట్టి, 1980 ఫిబ్రవరిలో వచ్చిన 'శంకరాభరణం'తో మొదలెట్టి 1989 'శివ'తో ఆపితే, తారీఖులన్నీ కరెక్టుగా ఉంటాయి. కానీ ఎనభైల్లో బతికిన తెలుగువాడు విన్నదాంట్లో సగం బయటే ఉండిపోతుంది. స్పందనలో అన్నీ కలిపి వెయ్యడం బద్ధకం వల్ల జరిగిందో, ఒకే చానెల్‌కి డబ్బులుండటం వల్ల జరిగిందో గానీ, మన చెవి పెరిగిన తీరుకి ఆ కలగూరగంపే దగ్గరగా ఉంది.

*

వరల్డ్‌స్పేస్ ఎందుకు పడిపోయిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. అమెరికాలో ఉపగ్రహ రేడియో కారుని పట్టుకుని బతికింది. నగరాల్లో భవనాల నీడలో సిగ్నలు పోకుండా నేలమీద రిపీటర్లు పెట్టుకున్నారు. కార్ల కంపెనీలే రేడియోని బిగించి అమ్మాయి. ఇక్కడ 2005లో ట్రాయ్ ఉపగ్రహ రేడియో మీద సిఫార్సులు చేసింది గానీ, నేలమీది రిపీటర్లకి దారి తెరుచుకోలేదు. కాబట్టి సెట్టు కదలకూడదు, పలక కదలకూడదు, వేపకొమ్మ పెరిగి అడ్డం రాకూడదు. అప్పుడే, 2006లో, హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్ఎమ్ రేడియోలు వరసగా మొదలయ్యాయి. అవి ఉచితం. ఏ సెల్‌ఫోన్లోనైనా వస్తాయి. ఇబ్రహీంపట్నంలో కాస్త గరగరతో అయినా వచ్చేవి. 277 నంబరు బస్సుల్లో డ్రైవర్లు అవే పెట్టేవాళ్లు.

2005 ఆగస్టులో 21 డాలర్లకి అమ్మిన వరల్డ్‌స్పేస్ షేరు మూడేళ్లలో కాగితమైపోయింది. ప్రపంచం మొత్తం మీద చందాదారులు లక్షా డెబ్బై వేల చిల్లర, అందులో అత్యధికులు మనవాళ్లే. 2008 అక్టోబరులో దివాలా రక్షణ కోరింది. 2009 డిసెంబరు 31తో భారతదేశంలో ప్రసారాలు ఆగిపోయాయి.

నేను అప్పటికి డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. సంక్రాంతి సెలవుల్లో సర్టిఫికెట్ల పని మీద కాలేజీకి వచ్చి, సారుని కలవడానికి వెళ్లాను. సెట్టు మీద తువ్వాలు కప్పి ఉంది. డాబా మీద పలక అలాగే సాగర్ వైపు చూస్తోంది.

"సార్, మీకు పాటలే కదా కావాల్సింది, నేను నింపిస్తా" అన్నాను. కొత్త ఇంజనీర్ని, నాకది రెండు గంటల పని. నాలుగు జీబీ మెమరీ కార్డు కొన్నాను. ఎనిమిది వందల పైచిలుకు పాటలు ఎక్కించాను. చాలా శ్రద్ధగా ఫోల్డర్లు చేశాను. 1951–60, 1961–70, 1971–80, 1981–90. ప్రతి పాటకీ విడుదలైన ఏడాది సరిచూసి మరీ పెట్టాను. ఆయన ఫోనులో వేసి, ఎలా వెతకాలో చూపించి, గర్వంగా వెళ్లిపోయాను.

నాలుగు నెలల తర్వాత వెళితే కార్డు డ్రాయరులో ఉంది.

"పాటలు మస్తుగున్నయి బిడ్డా. నాకే దొర్కుత లేవు" అన్నారు. తప్పు తన మీదే వేసుకున్నారు.

ఏ పాట కావాలో చెప్పండి సార్ అన్నాను. 'మూగమనసులు' అన్నారు. 1964 కదా, రెండో ఫోల్డరు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అరవై నాలుగేంది? నేను అది చూసింది మంచాల్ల ఉన్నప్పుడు. డెబ్బై ఒకటి. మా పెద్దపిల్ల అప్పటికింక నడుస్త లేదు." ఆయన వెతికింది మూడో ఫోల్డర్లో. అక్కడ దొరక్క, అసలు ఎక్కించలేదేమో అనుకున్నారు. నన్ను అడిగితే నొచ్చుకుంటానని ఊరుకున్నారు.

ఆ సాయంత్రం వరండాలో కూచుని కార్డంతా మళ్లీ సర్దాం. ఈసారి ఫోల్డర్ల పేర్లు ఆయన చెప్పారు. యాచారం. మంచాల. కందుకూరు. మళ్లా యాచారం. మహేశ్వరం. ఇబ్రహీంపట్నం. అవి ఆయన టీచరుగా పనిచేసిన ఊళ్లు, వరస ప్రకారం. ఒక్కో పాట రెండు సెకన్లు వినిపిస్తే చాలు, ఏ ఊళ్లో వెయ్యాలో చెప్పేవారు. కొన్నిటికి ఆలోచించడమే లేదు. కొన్నిటికి ఇంట్లోంచి అమ్మని పిలిచి అడిగేవారు, ఆమె ఆయన చెప్పింది తప్పని తేల్చేది. 'మాయాబజార్' పాటలు, 'అడవి రాముడు' పాటలు ఒకే ఫోల్డర్లోకి వెళ్లాయి. ఒకటి 1957, ఇంకోటి 1977. రెండూ ఒకే ఎండాకాలం, ఒకే డేరాలో చూశారట. భగవద్గీత ఎక్కడ పెట్టాలన్నది తేలలేదు. ఆయన కాసేపు ఆలోచించి, "అన్నిట్ల పెట్టు" అన్నారు. ఆరు ఫోల్డర్లలో ఆరు కాపీలు పెట్టాను. డేటాబేస్ పాఠాల ప్రకారం అది నేరం.

ఆఖర్న, ఫోనులో 'కందుకూరు' తెరిచి నాలుగు పాటలు విని, ఆయన ఒక మాటన్నారు. "మంచిగైంది. కని రేడియోల ఏమొస్తదో ఎర్క ఉండకపోతుండె."

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

*

ఆ మాట న్యూజెర్సీలో కారు నడుపుతున్నప్పుడు చాలాసార్లు గుర్తొచ్చింది. కోటానుకోట్ల పాటలు ఫోనులో ఉన్న అమెరికన్లు నెలనెలా డబ్బు కట్టి ఎనిమిదో నంబరు ఎందుకు వింటున్నారో ఆయన ఎప్పుడో చెప్పేశారు. తర్వాతి పాట ఏదో తెలియకపోవడం కోసం, దాన్ని ఇంకెవరో తనలాంటివాడే ఎంచి పెట్టడం కోసం. ఇంకా ఎంతోమంది ఇదే క్షణంలో ఇదే పాట వింటున్నారన్న భరోసా కోసం కూడా.

అయితే ఆ చక్కటి అంకెల గదులకీ కాలం తీరుతుంది. 2015లో సిరియస్ ఎక్స్ఎమ్ నలభైల పాటల్ని నాలుగో నంబరు నుంచి తీసేసి, పేరు మార్చి, డెబ్బైల నంబర్లలోకి పంపింది. నాలుగో నంబరు పిట్‌బుల్ అనే కొత్త కాలం గాయకుడి చానెల్‌కి ఇచ్చారు. తర్వాత యాభైలు, అరవైలు కూడా అదే దారిన ఆ దూరపు నంబర్లకి వెళ్లాయి. కారణం ఎవరూ చెప్పక్కర్లేదు. నలభైల్లో పదహారేళ్లున్నవాళ్లు ఇప్పుడు కార్లు నడపడం లేదు. విన్నవాళ్లు ఉన్నంతకాలమే దశాబ్దానికి ముందు వరసలో చోటు. ఆ మాటకొస్తే మన ఆలస్యపు పద్ధతే పాటకి కాస్త ఎక్కువ ఆయుష్షు ఇచ్చిందేమో. ఒక తరం వదిలేసేలోగా ఇంకో ఊరికి చేరేది.

ఇప్పుడు నేను ఆదిభట్లలో పనిచేస్తున్నాను, ఇబ్రహీంపట్నానికి పదిహేను నిమిషాలు. పాటల యాప్‌లలో 'తెలుగు ఎయిటీస్ హిట్స్', 'నైంటీస్ మెలోడీస్' అని జాబితాలు తయారుగా ఉంటాయి. విడుదలైన ఏడాది చూసి యంత్రం సర్దుతుంది, నేను సారుకి మొదటిసారి సర్దినట్టే. ఈ రోజుల్లో పుట్టిన పాటలకి ఆ లెక్క సరిపోవచ్చు. శుక్రవారం విడుదలైన పాట అదే శుక్రవారం మంచాలలోనూ, న్యూజెర్సీలోనూ మోగుతోంది కదా. మా అమ్మాయికి ఇరవై ఏళ్ల తర్వాత 2020ల చానెల్ ఒకటి పెడితే బహుశా అతికినట్టు సరిపోతుంది. అంతకుముందు పుట్టిన పాటలకి మాత్రం ఆ లెక్క ఒక్కటే మిగిలితే, ఏ పాట ఎప్పుడు పుట్టిందో ఉంటుంది గానీ ఎప్పుడు చేరిందో ఉండదు. పుట్టిన తేదీ సినిమా పోస్టరు మీద దొరుకుతుంది. చేరిన తేదీ మనుషుల దగ్గరే ఉంది. ఆ మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.

సారు 2019లో పోయారు. పెద్దకర్మ రోజున వెళితే ఇంటి ముందు భగవద్గీత వేస్తున్నారు. వాళ్ల పెద్దమ్మాయి, మంచాలలో అప్పటికింకా నడవని ఆ పిల్ల, ఇప్పుడు యాభై దాటిన మనిషి, నాన్న ఫోను తెచ్చి నాకు చూపించింది. "ఇందులో ఊళ్ల పేర్లతోటి పాటలున్నయి తమ్ముడూ, ఎవరు పెట్టిచ్చిన్రో తెలుస్త లేదు. తీసెయ్యబుద్ధి అయితలేదు" అంది.

నేను ఒక్కో ఊరూ తెరిచి, ఆ రోజు ఆయన చెప్పినవాటిలో నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. ఆమె పక్కన కూచుని కాగితం మీద రాసుకుంది.